తల నెరిశాక తడుముకోవద్దు!

'ఉన్నన్నాళ్లూ ఒకరి మీద ఆధారపడకుండా వెళ్లిపోతే చాలు' - మన ఇళ్లలో పెద్దవాళ్లు తరచూ అనే మాట ఇది. పింఛను వస్తోంది. సొంతిల్లు ఉంది. పిల్లల పెళ్లిళ్లు అయిపోయాయి. అప్పుల్లేవు. ఇంకేం కావాలి అనిపిస్తుంది. నిజమే. కానీ ముప్ఫై నలభై ఏళ్లు కష్టపడి కూడబెట్టిన ఆ నిశ్చింతను నాలుగు రోజుల్లో చెదరగొట్టగలిగేది ఒకటుంది. అదే ఆసుపత్రి బిల్లు. గుండెకు స్టెంటు, మోకాలి మార్పిడి, తుంటి ఎముక విరిగితే ఆపరేషన్, న్యుమోనియాతో వారం రోజులు ఐసీయూ... ఏది వచ్చినా లక్షల మాటే. అప్పుడు ఫిక్స్‌డ్ డిపాజిట్ పత్రాలు బయటికొస్తాయి. బీరువాలోని బంగారం బయటికొస్తుంది. కొన్ని ఇళ్లలో ఊళ్లోని అరెకరం పొలం కూడా బేరానికొస్తుంది. అన్నిటికంటే ముందు, ఎవరు ఎంత పెట్టుకోవాలన్న దగ్గర అన్నదమ్ముల మధ్య మాట తేడా వస్తుంది. ఎవరి మీదా ఆధారపడకూడదనుకున్న పెద్దాయన మంచం మీద నుంచి అదంతా వింటూ ఉండాల్సి వస్తుంది.

2011 జనాభా లెక్కల ప్రకారమే దేశంలో అరవై దాటినవాళ్లు 10 కోట్ల మందికి పైగా ఉన్నారు. ఆ సంఖ్య ఏటేటా పెరుగుతూనే ఉంది. 2017-18లో కేంద్ర ప్రభుత్వం దేశవ్యాప్తంగా చేయించిన వృద్ధుల ఆరోగ్య అధ్యయనంలో అరవై దాటినవారిలో ప్రతి నలుగురిలో ముగ్గురికి ఏదో ఒక దీర్ఘకాలిక జబ్బు ఉన్నట్లు తేలింది. అంటే వయసు మీద పడ్డాక 'జబ్బు వస్తుందా, రాదా' అని ఆలోచించి లాభం లేదు. 'వచ్చినప్పుడు ఏం చేస్తాం' అన్నదే అసలు ప్రశ్న. దానికి సమాధానం రెండు భాగాలు. ఒకటి బీమా. రెండోది వేళకు వైద్యం. మొదటిది ఉండి రెండోది లేకపోయినా, రెండోది ఉండి మొదటిది లేకపోయినా బండి ఒంటి చక్రం మీద నడిచినట్లే.

ఉద్యోగంతోపాటే పోయే బీమా

'మా అబ్బాయి కంపెనీ వాళ్లే ఇన్సూరెన్స్ ఇచ్చారండీ, మా ఇద్దరికీ ఉంది' - ఇప్పుడు చాలామంది తల్లిదండ్రుల ధైర్యం ఇదే. ఉండటం మంచిదే. కానీ అది అబ్బాయి ఉద్యోగానికి కట్టిన తాడు. అతను ఉద్యోగం మారినా, మానేసినా, కంపెనీ ఖర్చు తగ్గించుకోవాలని తల్లిదండ్రులను జాబితాలోంచి తీసేసినా ఆ తాడు తెగిపోతుంది. సొంత ఉద్యోగం మీద వచ్చిన గ్రూపు బీమా సంగతీ అంతే. చాలా ప్రైవేటు సంస్థల్లో రిటైరైన రోజుతోనే అది ముగిసిపోతుంది. పూలదండలు, శాలువా ఇంటికొస్తాయి. బీమా మాత్రం ఆఫీసులోనే ఉండిపోతుంది. సరిగ్గా అవసరం మొదలయ్యే వయసులోనే అండ పోతుందన్నమాట.

అందుకే ఉద్యోగంలో ఉండగానే, నలభయ్యో పడిలోనే భార్యాభర్తలిద్దరికీ సొంతంగా ఒక పాలసీ తీసుకుని ఏటా కొనసాగించడం తెలివైన పని. అప్పటికి ఒంట్లో పెద్ద జబ్బులు ఉండవు. కంపెనీలు పెద్దగా పేచీ పెట్టవు. రిటైరయ్యేనాటికి నిరీక్షణ కాలాలన్నీ పూర్తయిపోయి ఉంటాయి. ఆరోగ్య బీమా పాలసీని జీవితాంతం రెన్యువల్ చేయించుకునే హక్కు ఉంది. గతంలో క్లెయిమ్ చేశారన్న కారణంతో కంపెనీ రెన్యువల్‌ను నిరాకరించడానికి వీల్లేదు. అప్పటిదాకా సొంత పాలసీ లేనివాళ్లకూ ఒక దారి ఉంది. రిటైరయ్యేముందే గ్రూపు పాలసీ ఇచ్చిన బీమా కంపెనీని అడిగి, అందులోంచి అదే కంపెనీ వ్యక్తిగత పాలసీలోకి మారేందుకు దరఖాస్తు చేసుకోవచ్చు. తీసుకోవాలా వద్దా అన్నది కంపెనీ పరిశీలించాకే తేలుతుంది. అయినా అడిగితే పోయేదేం లేదు. అడగకపోతేనే పోతుంది. ఆఖరి వారం దాకా ఆగకుండా రెండు మూడు నెలల ముందే హెచ్ఆర్ విభాగాన్ని కదిలించాలి.

అరవై అయిదు దాటినా ఆలస్యం కాలేదు

మన దేశంలో మెడిక్లెయిమ్ పేరుతో ఆరోగ్య బీమా మొదలైంది 1986లో. అప్పటి నుంచి చాలాకాలం పెద్ద వయసువాళ్లంటే కంపెనీలు మొహం చాటేసేవి. 'అరవై అయిదు దాటింది, ఇక ఇవ్వలేం' అనేవి. 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనలు మార్చింది. అన్ని వయసుల వారికీ, ముందే జబ్బులున్నవారికీ పాలసీలు అందుబాటులో ఉంచాలని కంపెనీలకు చెప్పింది. అలాగని అడిగినవారందరికీ, అడిగినంత ధరకు ఇచ్చేస్తారని కాదు. వైద్య పరీక్షలు చేయిస్తారు. ప్రీమియం ఎక్కువే ఉంటుంది. కానీ తలుపు పూర్తిగా మూసుకుపోలేదు.

అదే ఏడాది మరికొన్ని మార్పులూ వచ్చాయి. పాలసీ తీసుకునేనాటికే ఉన్న జబ్బులకు ఒకప్పుడు నాలుగేళ్ల దాకా ఆగాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ గడువు 36 నెలలు దాటకూడదు. పాలసీ పత్రం చేతికొచ్చాక చదువుకుని, నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయడానికి 30 రోజుల సమయం ఉంది. ఆసుపత్రి నుంచి నగదురహిత చికిత్సకు అనుమతి కోరితే కంపెనీ గంటలోగా తేల్చాలి. డిశ్చార్జి నాడు తుది బిల్లుకు మూడు గంటల్లోగా అనుమతి ఇవ్వాలి. అంతకుమించి ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వసూలుచేస్తే ఆ భారం కంపెనీదే. డాక్టరు ఇంటికి వెళ్లమన్నా, బిల్లు తేలక సాయంత్రం దాకా వరండాలో కూర్చున్న కుటుంబాలకు ఈ రూలు విలువ బాగా తెలుస్తుంది.

ప్రీమియం విషయంలోనూ కాస్త ఊరట ఉంది. అరవై దాటినవారి ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే ముందుగా తనను సంప్రదించాలని ఐఆర్‌డీఏఐ 2025 జనవరిలో ఆదేశించింది. వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద అప్పటిదాకా వేస్తున్న 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి తీసేశారు. పాత పన్ను విధానంలో ఉన్నవారికి, అరవై దాటిన తల్లిదండ్రుల కోసం కట్టే ప్రీమియం మీద ఏడాదికి 50 వేల రూపాయల దాకా ఆదాయపు పన్ను మినహాయింపు ఉంటుంది. అయితే డబ్బు నగదుగా కట్టకూడదు. చెక్కుతోనో ఆన్‌లైన్‌లోనో కట్టాలి.

దాచిపెడితే దొరికిపోతారు

'షుగరుందని రాస్తే పాలసీ రాదండీ, రాయకండి' - ఇలా సలహా ఇచ్చే ఏజెంట్లు కొందరుంటారు. వాళ్ల మాట నమ్మి సంతకం పెట్టడమంత ప్రమాదం మరొకటి లేదు. ఆసుపత్రిలో చేరగానే డాక్టరు అడిగే మొదటి ప్రశ్న 'ఎన్నాళ్ల నుంచి షుగరుంది' అనే. 'పదేళ్ల నుంచండీ' అని పక్కనున్న భార్య చెబుతుంది. అది కేసు షీటులోకి ఎక్కుతుంది. పాలసీ తీసుకుని రెండేళ్లే అయిందనుకోండి... క్లెయిమ్ అక్కడే ఆగిపోతుంది. ఒక్కోసారి పాలసీ కూడా రద్దవుతుంది. అన్నాళ్లూ కట్టిన ప్రీమియం బూడిదలో పోసిన పన్నీరే.

ఉన్నది ఉన్నట్టు రాస్తే ఏమవుతుంది? ప్రీమియం కొంత పెరుగుతుంది. ఆ జబ్బుకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. ఈలోగా దానితో సంబంధం లేని మరో అనారోగ్యం వస్తే బీమా వర్తిస్తుంది. మూడేళ్లు గడిచాక దానికీ వర్తిస్తుంది. అయిదేళ్లు విరామం లేకుండా పాలసీ కొనసాగితే, ఆ తర్వాత 'మీరు ఫలానాది చెప్పలేదు' అని కంపెనీ క్లెయిమ్‌ను తిరస్కరించడానికి వీల్లేదు. మోసం రుజువైతే మాత్రం వేరే సంగతి. అందుకే దరఖాస్తును ఏజెంటుకు వదిలేయకుండా ఇంట్లో కూర్చుని, మందుల చీటీలు ముందు పెట్టుకుని స్వయంగా నింపాలి. నింపిన కాపీ ఒకటి దగ్గర ఉంచుకోవాలి.

పాలసీలో ముందు చదవాల్సినవి

పాలసీ పత్రం నలభై యాభై పేజీలుంటుంది. అంతా చదివే ఓపిక ఎవరికీ ఉండదు. కానీ కొన్ని వరుసలు మాత్రం కళ్లద్దాలు తుడుచుకుని మరీ చదవాలి.

మొదటిది గది అద్దె పరిమితి. 'బీమా మొత్తంలో రోజుకు 1 శాతం' అని ఉంటే, 3 లక్షల పాలసీకి గది అద్దె 3 వేలే. 'ఆ పైన ఎంతైతే అంత మనం కట్టుకుందాంలే' అని రోజుకు 6 వేల గదిలో చేరతారు. నాలుగు రోజులకు అద్దె తేడా 12 వేలే కదా అనుకుంటారు. అక్కడే పప్పులో కాలేస్తారు. అద్దెలో సగానికే అర్హత ఉంది కాబట్టి డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ వంటి ఛార్జీల్లోనూ సగమే ఇస్తారు. ఆ ఛార్జీలు లక్షా 20 వేలనుకుంటే 60 వేలు సొంత జేబులోంచి పోతాయి. అద్దె తేడాతో కలిపి 72 వేలు. మందులు, పరీక్షలు, శరీరంలో అమర్చే పరికరాలు, ఐసీయూ ఛార్జీలకు ఈ కోత వేయకూడదని 2020 నుంచి నిబంధన ఉంది. అయినా దెబ్బ చిన్నదేం కాదు. గది అద్దె పరిమితి లేని పాలసీ దొరికితే మేలు. ఉంటే ఆ పరిధిలోని గదిలోనే చేరాలి.

రెండోది కో-పే. సీనియర్ సిటిజన్ పాలసీల్లో ఇది తరచూ కనిపిస్తుంది. 20 శాతం కో-పే అంటే 4 లక్షల బిల్లు అయితే 80 వేలు మనవి. ప్రీమియం తక్కువ ఉందని సంబరపడేముందు ఈ అంకె చూసుకోవాలి.

మూడోది ఉప పరిమితులు. బీమా 5 లక్షలకే ఉన్నా కంటి శుక్లాలకు ఇంత, మోకాలి మార్పిడికి ఇంత అని విడిగా గీత గీసి ఉంటుంది. పెద్దవాళ్లకు ఎక్కువగా అవసరమయ్యేవి ఇవే. వీటికి మొదటి రెండు మూడేళ్లు బీమా వర్తించదనే షరతు కూడా ఉండవచ్చు.

నాలుగోది ఆసుపత్రుల జాబితా. అబ్బాయి హైదరాబాద్‌లో ఉంటాడు. అక్కడి పెద్ద ఆసుపత్రులన్నీ ఉన్నాయని చూసి పాలసీ తీసుకుంటాడు. అమ్మానాన్నలు ఉండేది పాలకొల్లులోనో, జగిత్యాలలోనో. రాత్రి రెండింటికి ఆయాసమొస్తే వాళ్లు వెళ్లేది ఆ ఊళ్లోని ఆసుపత్రికే కదా! పెద్దవాళ్లు ఎక్కడుంటారో ఆ ఊళ్లో, ఆ పక్క పట్టణంలో ఏ ఆసుపత్రులతో ఒప్పందం ఉందో చూసి పాలసీ ఎంచుకోవాలి.

మరో మాట. తల్లిదండ్రులనూ, పిల్లలనూ ఒకే ఫ్లోటర్ పాలసీలో కలిపేయడం మామూలుగా లాభసాటి కాదు. అందరిలోకీ పెద్దవారి వయసును బట్టి ప్రీమియం లెక్కిస్తారు. పైగా ఏడాది మొదట్లోనే తాతగారి ఆపరేషన్‌కు మొత్తం ఖర్చయిపోతే, ఆ తర్వాత మనవడికి డెంగీ వచ్చినా మిగిలేదేమీ ఉండదు. పెద్దవాళ్లకు విడిగా తీసుకోవడమే మంచిది.

తక్కువ ఖర్చుతో ఎక్కువ అండ

అరవై అయిదేళ్లవారికి 20 లక్షల పాలసీ అంటే ప్రీమియం చూసి కళ్లు తిరుగుతాయి. అలాంటప్పుడు 5 లక్షల మామూలు పాలసీ తీసుకుని, దానిపైన సూపర్ టాపప్ జోడిస్తే ఖర్చు చాలావరకు తగ్గుతుంది. ఇక్కడ టాపప్, సూపర్ టాపప్ ఒకటి కావని గుర్తుంచుకోవాలి. ఏడాదిలో రెండుసార్లు ఆసుపత్రిలో చేరారు. ప్రతిసారీ 4 లక్షలైంది. 5 లక్షలు దాటాకే వర్తించే మామూలు టాపప్ ఒక్కో బిల్లును విడిగా చూస్తుంది. ఏదీ 5 లక్షలు దాటలేదు కాబట్టి పైసా రాదు. సూపర్ టాపప్ రెండింటినీ కలిపి 8 లక్షలుగా లెక్కిస్తుంది. 5 పోగా 3 లక్షలు ఇస్తుంది. పేరులో ఒక్క మాటే తేడా. చేతికొచ్చే డబ్బులో మాత్రం 3 లక్షల తేడా.

ఉన్న పాలసీ నచ్చకపోతే వేరే కంపెనీకి మారే వీలు 2011 నుంచి ఉంది. అప్పటిదాకా పూర్తిచేసిన నిరీక్షణ కాలం, పాత బీమా మొత్తం మేరకు, కొత్త పాలసీకి బదిలీ అవుతుంది. రెన్యువల్ తేదీకి కనీసం నెలన్నర ముందే ఈ పని మొదలుపెట్టాలి. కొత్త కంపెనీ సరే అని రాతపూర్వకంగా చెప్పేదాకా పాతదాన్ని వదలకూడదు.

సర్కారు ఇచ్చేది తెలుసుకోవాలి

ప్రైవేటు బీమా కొనే స్తోమత అందరికీ ఉండదు. తెలుగు రాష్ట్రాలవారికి ఈ విషయంలో కొంత అదృష్టం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ లక్షల మంది పేదలకు గుండె ఆపరేషన్లు, క్యాన్సర్ చికిత్సలు అందించింది. తెలంగాణలో 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని కుటుంబానికి 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి ఈ పథకం ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తోంది. పథకం వర్తించే ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్రలు ఉంటారు. ఏ చికిత్స వర్తిస్తుందో, ఏ కాగితాలు కావాలో వాళ్లనడిగితే చెబుతారు.

డెబ్బై దాటినవారికి కేంద్రం 2024 అక్టోబరు 29న మరో దారి తెరిచింది. ఆయుష్మాన్ వయ వందన కార్డు. దీనికి ఆదాయ పరిమితి లేదు. పేదా, ధనికా తేడా లేదు. ఆధార్ ప్రకారం డెబ్బై ఏళ్లు నిండితే చాలు. ఆ కుటుంబంలోని డెబ్బై దాటినవారికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఆసుపత్రి చికిత్స ఉచితం. భార్యాభర్తలిద్దరూ డెబ్బై దాటితే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపి. ముందే ఉన్న జబ్బులకు ఆగాల్సిన పనిలేదు. ప్రైవేటు బీమా ఉన్నవారూ తీసుకోవచ్చు. సీజీహెచ్ఎస్ వంటి కేంద్ర పథకాల్లో ఉన్నవారు మాత్రం ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఆయుష్మాన్ యాప్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. 14555కు ఫోన్ చేసి వివరాలు తెలుసుకోవచ్చు. కార్డు తీసుకోవడంతోనే పని అయిపోలేదు. దగ్గరలోని ఏ ఆసుపత్రి ఆ జాబితాలో ఉందో ముందే చూసి రాసిపెట్టుకోవాలి. ఆసుపత్రిలో చేరితేనే ఇది వర్తిస్తుంది. నెలనెలా వాడే మందులకు కాదు.

అమ్మ సంగతేంటి?

చాలా ఇళ్లలో ఆరోగ్య బీమా అంటే నాన్న పేరే గుర్తొస్తుంది. ఉద్యోగం ఆయనది. పింఛను ఆయనది. పరీక్షలు చేయించేదీ ఆయనకే. అమ్మ మాత్రం 'నాకేంట్రా, దుక్కలా ఉన్నాను' అంటూ మోకాళ్లు పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోతుంది. రొమ్ములో గడ్డ తగిలినా, నెలసరి ఆగిన ఏళ్ల తర్వాత రక్తం కనిపించినా కొడుకుతో చెప్పడానికి సిగ్గు, కోడలితో చెప్పడానికి మొహమాటం. చెప్పేసరికి జబ్బు ముదిరిపోతుంది. పైగా చాలా జంటల్లో భర్త వయసులో పెద్ద. ఆయన పోయాక ఆమె ఒంటరిగా గడపాల్సిన కాలం ఏళ్లకొద్దీ ఉంటుంది. అప్పటికి పింఛను తగ్గుతుంది. అందువల్ల బీమా అవసరం నిజానికి ఆమెకే ఎక్కువ. పాలసీలో ఆమె పేరుందా, ఆ కాగితాలు ఎక్కడున్నాయో ఆమెకు తెలుసా... ఈ రెండు ప్రశ్నలూ ప్రతి ఇంట్లో వేసుకోవాల్సినవే.

బీమా ఇవ్వని ఖర్చులు

ఎంత మంచి పాలసీ అయినా అన్నీ ఇవ్వదు. కళ్లజోడు, పళ్ల సెట్టు, వినికిడి యంత్రం ఖర్చులను చాలా పాలసీలు భరించవు. పక్షవాతం వచ్చిన మనిషికి ఇంట్లో నెలల తరబడి ఫిజియోథెరపీ, రాత్రీ పగలూ చూసుకునే ఆయా జీతం, డైపర్లు, గాలి పరుపు... ఇవన్నీ ఇంటి ఖర్చే. మతిమరుపు వ్యాధి వచ్చినవారికి ఆసుపత్రి కంటే ఇంట్లో మనిషి తోడే ఎక్కువ అవసరం. దానికి ఏ కంపెనీ బిల్లు కట్టదు. కాబట్టి బీమాతోపాటు ఒక వైద్య నిధి విడిగా ఉండాలి. కనీసం ఏడాది మందుల ఖర్చు, నాలుగైదు నెలల ఆయా జీతం అందులో ఉంటే కుదురుగా ఊపిరి తీసుకోవచ్చు. ఆ డబ్బు దీర్ఘకాలిక డిపాజిట్‌లో కాకుండా అడిగిన రోజే చేతికొచ్చేలా, ఇద్దరి పేరుతో ఉన్న ఖాతాలో ఉంచాలి. నెలవారీ మందుల్లో కొన్ని జన ఔషధి దుకాణాల్లో బాగా తక్కువ ధరకే దొరుకుతాయి. డాక్టరును అడిగి మార్చుకోవచ్చు.

వైద్యం వాయిదా వేస్తే వడ్డీతో కట్టాలి

బీమా ఉంది కదా అని జబ్బు వచ్చేదాకా ఎదురుచూడటం గొడుగుందని వానలో పడుకోవడం లాంటిది. బీపీ ఇంట్లోనే చూసుకోవచ్చు. షుగరున్నవారు మూడు నుంచి ఆరు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకోవాలి. ఏడాదికోసారి కంటి లోపలి రెటీనా, కిడ్నీల పనితీరు, పాదాల స్పర్శ చూపించుకోవాలి. పాదానికి గుచ్చుకున్న చిన్న ముల్లు పుండై, వేలు తీసేసేదాకా వెళ్లిన ఉదంతాలు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. ఏటా ఫ్లూ టీకా, డాక్టరు సలహాతో న్యుమోనియా టీకా వేయించుకుంటే ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ల ముప్పు తగ్గుతుంది. పిల్లలకే టీకాలు అన్న భావన పోవాలి.

మరో సమస్య మందుల గుట్ట. గుండె డాక్టరు నాలుగు, షుగరు డాక్టరు మూడు, ఎముకల డాక్టరు రెండు రాస్తారు. ఒకరు రాసింది మరొకరు చూడరు. వీటికి తోడు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి బిళ్లలు. రోజూ వేసుకుంటే ఇవి కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఆర్నెల్లకోసారి మందులన్నీ ఒక సంచిలో వేసుకుని, నమ్మకమైన ఒక ఫిజీషియన్ ముందు పెట్టి 'వీటిలో ఏవి అవసరం, ఏవి మానేయొచ్చు' అని అడగాలి. అంతేగానీ సొంతంగా మానేయకూడదు.

పెద్దవాళ్లను మంచాన పడేసే వాటిలో ముఖ్యమైంది జారి పడటం. స్నానాలగదిలో పట్టుకోవడానికి గోడకు ఒక స్టీలు కడ్డీ, నేల మీద జారని చాప, రాత్రి వెలిగే చిన్న బల్బు - ఈ మూడింటికీ అయ్యే ఖర్చు తుంటి ఆపరేషన్ ముందు లెక్కలోకే రాదు. బీపీ మందులు వాడేవారు మంచం మీంచి ఒక్కసారిగా లేవకుండా, ఒక నిమిషం కూర్చుని లేవాలి.

కొన్ని లక్షణాలు ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. మూతి ఒకవైపు వంకరపోయినా, చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా అది పక్షవాతం కావచ్చు. రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. తెల్లారాక చూద్దాం అనుకుంటే ఆ అవకాశం పోతుంది. వెంటనే 108కి ఫోన్ చేయాలి. షుగరున్నవారికి ఛాతీనొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు. కారణం లేని ఆయాసం, చెమటలు, నీరసం కనిపిస్తే ఈసీజీ తీయించాలి. నిన్నటిదాకా బాగున్న మనిషి ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడితే 'వయసు మీద పడిందిలే' అని వదిలేయకూడదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, సోడియం తగ్గడం, షుగరు పడిపోవడం వంటి నయం చేయగల కారణాలు ఉండవచ్చు.

అమెరికా ప్రయాణమైతే...

కూతురి పురుడుకో, మనవడి పుట్టినరోజుకో అమెరికా వెళ్లే అమ్మానాన్నల సంఖ్య మన దగ్గర తక్కువేం కాదు. ఇక్కడి మామూలు పాలసీలు చాలావరకు అక్కడ పనిచేయవు. విడిగా విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకోవాలి. ఒక్కో చికిత్సకు ఇంతే అని గీత గీసిన పాలసీలు చౌకగా దొరుకుతాయి. అక్కడి బిల్లుల ముందు అవి ఏ మూలకూ రావు. మొత్తం బిల్లులో ఎక్కువ భాగం భరించే రకం కొంత ఖరీదైనా మంచిది. ముందే ఉన్న జబ్బుల విషయంలో షరతులు కఠినంగా ఉంటాయి. బయల్దేరేముందే బీపీ, షుగరు అదుపులో ఉన్నాయో లేదో చూపించుకుని, సరిపడా మందులు చీటీతో సహా తీసుకెళ్లాలి. గ్రీన్‌కార్డు మీద స్థిరపడే పెద్దలకు అక్కడి ప్రభుత్వ బీమా మెడికేర్ వెంటనే రాదు. దానికి అయిదేళ్ల నివాసం ఉండాలి. ఇక్కడి పాలసీని ఆపేసి వెళ్లేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. తిరిగొచ్చాక కొత్త పాలసీ అంటే మళ్లీ మొదటికే!

క్లెయిమ్ కాదంటే...

తిరస్కరించారని చాలామంది నిట్టూర్చి ఊరుకుంటారు. ఊరుకోనక్కర్లేదు. ఏ షరతు ప్రకారం కాదన్నారో రాతపూర్వకంగా అడగాలి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. 30 రోజుల్లో స్పందన లేకపోయినా, జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ హైదరాబాద్‌లో కార్యాలయం ఉంది. ఫీజు లేదు. వకీలు అక్కర్లేదు. కంపెనీ కాదన్న ఏడాదిలోగా వెళ్లాలి. ఐఆర్‌డీఏఐ 'బీమా భరోసా' విభాగానికి 155255 నంబరులో ఫిర్యాదు చేయవచ్చు. కేసు గెలవాలంటే కాగితాలు కావాలి. డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు, రిపోర్టులు, మందుల చీటీలు - ఏదీ పారేయకూడదు. ఇవ్వాల్సి వస్తే జిరాక్స్ తీసుకున్నాకే అసలువి ఇవ్వాలి.

చివరిగా ఒక చిన్న పని. ఒక ఫైలు కొనండి. అందులో పాలసీ కాపీ, కార్డులు, వాడుతున్న మందుల జాబితా, పడని మందుల పేర్లు, బ్లడ్ గ్రూపు, డాక్టరు ఫోన్ నంబరు, జాబితాలో ఉన్న దగ్గరి ఆసుపత్రి పేరు, రెన్యువల్ తేదీ పెట్టండి. పైన పెద్ద అక్షరాలతో 'ఆరోగ్యం' అని రాయండి. అది ఎక్కడుందో ఇంట్లో అందరికీ, పక్కింటివాళ్లకు కూడా చెప్పండి. అలాగే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకరోజు కూర్చుని అమ్మానాన్నల ప్రీమియం ఎవరు కట్టాలో, ఆసుపత్రికి ఎవరు ముందు పరుగెత్తాలో మాట్లాడుకోండి. అందరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఈ సంభాషణ అరగంటలో అయిపోతుంది. ఐసీయూ బయట మొదలుపెడితే ఏళ్లు గడిచినా ముగియదు.